సుడి దాటని పడవ

ఈ కథ ఎక్కడ మునిగిందో ముందే చెప్పేస్తాను. 1970 ఏప్రిల్. రోహిణి కార్తె ఇంకా రాలేదు గాని ఎండలు అప్పటికే ముదిరాయి. ఆ ఎండల్లో ఒక సినిమా వచ్చింది. హాలు గుమ్మం దగ్గర నిలబడి జనం కోసం చూసింది. జనం రాలేదు. రీళ్లు మళ్లీ డబ్బాల్లోకి చేరాయి, డబ్బాలు రైలెక్కాయి. ఆ సినిమా పేరు ‘మరో ప్రపంచం’. తీసినాయన మన రాజమండ్రి మనిషి, ఆదుర్తి సుబ్బారావు. ఆ తరువాత ఆయన అయిదేళ్లు బతికారు. సినిమాలు తీస్తూనే ఉన్నారు. కానీ తన కోసం తీసుకున్న సినిమా మళ్లీ ఒక్కటీ లేదు.

పతనం అనగానే మనకు కొన్ని బొమ్మలు కళ్ల ముందుకొస్తాయి. అమ్ముకున్న బంగళా, తాకట్టులో నగలు, ఆసుపత్రి మంచం. ఆదుర్తి కథలో అవేవీ లేవు. ఆయనకు పని దొరుకుతూనే ఉంది, పేరు నిలిచే ఉంది, పిలిచేవాళ్లు పిలుస్తూనే ఉన్నారు. అందుకే కాబోలు, ఆయన కోసం ఎవరూ సరిగ్గా ఏడవలేదు. మనిషి గట్టునే ఉన్నాడు, పడవే పోయింది. అలాంటి నష్టానికి దినవారాలు చెయ్యరు.

ముందు ఆ పడవ సంగతి చెప్పుకోవాలి. 1964లో ‘మూగ మనసులు’ వచ్చింది. బాబూ మూవీస్ వారి సినిమా. గోదారి మీద పడవ నడిపే గోపీ, రోజూ అదే పడవలో చదువుకోవడానికి వెళ్లే రాధ, గోపీ మీద ప్రాణం పెట్టుకున్న గౌరి. అక్కినేని, సావిత్రి, జమున. కథ ముళ్లపూడి వెంకటరమణది, సంగీతం కె.వి.మహదేవన్‌ది. గోదావరి జిల్లాల వాళ్లకు ఆ సినిమా గురించి చెప్పడమంటే తాతగారి ముందు అక్షరాలు దిద్దినట్టే. రేవు మనది, ఇసుక తిన్నె మనది, ‘అమ్మాయిగారూ’ అన్న ఆ పిలుపులోని బెరుకూ మనదే. మాట దాటని ప్రేమ జన్మ దాటుతుందని చెబితే జనం నమ్మారు. నమ్మి, పైట చెంగులు తడిసేలా ఏడ్చారు. గోపీ, రాధా చివరికి గోదారి సుడిలోనే కలిసిపోతారు. మూడేళ్ల తరువాత ఆదుర్తి తన సొంత సినిమాకు పేరు వెతుక్కుంటే మళ్లీ ఆ నదే ఇచ్చింది, ‘సుడిగుండాలు’ అని. ఆ పేరు పెట్టుకున్నప్పుడు ఆయన చేతి వేళ్లు ఒక్క క్షణమైనా వణికి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. ఇది వెర్రి ఊహేనని తెలుసు. కానీ అంతా అయిపోయాక వెనక్కి చూసేవాడికి ప్రతి పేరూ ఒక శకునంలాగే కనిపిస్తుంది.

ఆయన 1912 డిసెంబరు 16న రాజమండ్రిలో పుట్టారు. వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించి అప్పటికి ముప్పై యేళ్లు దాటింది. ఆ పెళ్లి తాలూకు తిట్లూ దీవెనలూ ఊరి వీధుల్లో ఇంకా పూర్తిగా ఆరిపోని కాలం. మంచి చెబితే మనిషి మారతాడన్న నమ్మకం ఆ ఊరి నీళ్లలో ఉంది. ఆదుర్తిని తేల్చిందీ అదే, ముంచిందీ అదే.

రాజమండ్రి ఆయనకు యువకుడిగా ఉన్నప్పుడే మరో పాఠం కూడా చూపించింది. 1936లో నిడమర్తి సూరయ్య అక్కడ దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టారు. ‘సంపూర్ణ రామాయణం’ తీశారు. పెంటపాడు నుంచి వచ్చిన చిన్నపిల్ల పుష్పవల్లి అందులో సీత. మద్రాసు పోకుండా, కలకత్తా పోకుండా, గోదారి ఒడ్డునే తెలుగు సినిమా పుడుతుందని కొన్నాళ్లు అందరూ ఆశపడ్డారు. ఆ దీపం ఎంతో కాలం వెలగలేదు. స్టూడియో మూతపడింది, సినిమా మద్రాసుకే వెళ్లిపోయింది. రాజమండ్రిలో పుట్టిన కుర్రవాడు సినిమా పని నేర్చుకోవాలంటే రైలెక్కి బొంబాయి పోవలసిందే.

పోయారు. ఫొటోగ్రఫీ చదివారు, లాబరేటరీలో పని చేశారు, ఎడిటింగు నేర్చారు. ఇప్పటి పిల్లలకు ఎడిటింగంటే తెర మీద వేలితో జరపడం. అప్పుడది చేతి పని. ఫిల్మును దీపానికి ఎదురుగా పట్టుకుని చూడాలి, కత్తిరించాలి, అంచు గీకాలి, జిగురు రాసి అతికించాలి, ఆరేదాకా ఊపిరి బిగబట్టాలి. అతుకు కుదరకపోతే ప్రొజెక్టరులో అక్కడే తెగుతుంది. ఏది ఉంచాలో కన్నా ఏది పారెయ్యాలో తెలియడమే ఆ విద్య. ఆదుర్తి తరువాత ఎంత పెద్ద దర్శకుడైనా ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఆయనలోంచి పోలేదు. తెలుగు సినిమా నాటకంలా నిలబడి మాట్లాడుతున్న రోజుల్లో, ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి చూపును ఎప్పుడు మళ్లించాలో తెలిసిన కొద్దిమందిలో ఆయన ఒకరు.

ఆ రోజుల్లోనే ఆయన ఉదయ్‌శంకర్ ‘కల్పన’ బృందంలో చేరారు. ఇక్కడ కాస్త ఆగాలి. నాట్యకారుడు ఉదయ్‌శంకర్ తన కలనంతా పోగుచేసి మద్రాసు జెమినీ స్టూడియోలో తీసిన సినిమా అది. దాన్ని కథ అనీ అనలేం, నాటకమనీ అనలేం. నీడలు, దేహాలు, యంత్రాల లయ. నాట్యమే అందులో మాట. 1948లో విడుదలైంది. జనం ఆదరించలేదు. ఉదయ్‌శంకర్ ఇంకో సినిమా తియ్యలేదు. కలకత్తాలో సత్యజిత్ రాయ్ మాత్రం ఆ సినిమాను పదే పదే చూశాడు.

ఆదుర్తి దాన్ని ప్రేక్షకుడిగా చూడలేదు, లోపల నిలబడి చూశారు. గొప్ప కల ఎలా తయారవుతుందో చూశారు. దాన్ని కట్టిన మనిషి మీదే అది ఎలా కూలుతుందో కూడా చూశారు. అప్పుడే జాగ్రత్త నేర్చుకుని ఉండవచ్చు. నేర్చుకున్నారు కూడా, పందొమ్మిదేళ్ల పాటు.

ఆ పందొమ్మిదేళ్లూ తెలుగు వాళ్లకు బాగా తెలిసినవే. 1954లో ‘అమర సందేశం’తో దర్శకుడయ్యారు. 1957లో అన్నపూర్ణ వారి ‘తోడి కోడళ్లు’. ఆ తరువాత ‘మాంగల్య బలం’, ‘వెలుగు నీడలు’, ‘ఇద్దరు మిత్రులు’, ‘చదువుకున్న అమ్మాయిలు’. ‘నమ్మిన బంటు’కు కేంద్ర ప్రభుత్వ పురస్కారం. కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’ నుంచి తీసిన ‘డాక్టర్ చక్రవర్తి’కి మొట్టమొదటి నంది. అన్నపూర్ణలో నిర్మాత దుక్కిపాటి మధుసూదనరావు ఉండేవారు. కథను నలుగురూ కూర్చుని నలిపి, కాచి, వడకట్టి, ఇక చాలు అనుకున్నాకే కెమెరా బయటికి తీయించే మనిషి. దర్శకుడి కలకూ జనం జేబుకూ మధ్య అలాంటి మనిషి ఒకడు కూర్చోవడం ఎంత పెద్ద కవచమో, ఆ మనిషి లేనప్పుడు గాని తెలియదు.

1965లో ‘తేనె మనసులు’ తీశారు. పేపర్లో ప్రకటన ఇచ్చి అంతా కొత్తవాళ్లనే పిలిచారు. పూర్తి రంగుల్లో వచ్చిన తొలి తెలుగు సాంఘిక చిత్రం అది. కొంత తీశాక రషెస్ చూసిన డిస్ట్రిబ్యూటర్లు ఆ కొత్త కుర్రాణ్ణి తీసెయ్యమన్నారు. ఆదుర్తి తీసెయ్యలేదు. ఆ కుర్రాడు కృష్ణ. సినిమా ఆడింది.

నా లెక్కలో ఆయన గెలుపులన్నిటిలోకీ ప్రమాదమైన గెలుపు అదే. డబ్బు పెట్టేవాళ్లు వద్దన్నారు, తాను కాదన్నారు, జనం తనవైపు నిలబడ్డారు. ఒక్కసారి అలా జరిగితే, ఎప్పుడూ అలాగే జరుగుతుందని మనిషి నమ్ముతాడు. నమ్మకపోతే కళాకారుడే కాడు.

1967 ఆయనకు పోటు మీదున్న ఏడు. ఎల్.వి.ప్రసాద్ నిర్మాతగా ‘మూగ మనసులు’ హిందీలో ‘మిలన్’ అయింది. సునీల్ దత్, నూతన్, మళ్లీ మన జమున. దేశమంతా ఆడింది. తెలుగులో అన్నపూర్ణకు ‘పూల రంగడు’. చేతినిండా డబ్బు, బొంబాయి దాకా పేరు, అడిగితే కాదనని హీరో. ఏం కావాలన్నా తీసుకోగల క్షణం అది. అక్కినేని, ఆదుర్తి కలిసి ‘చక్రవర్తి చిత్ర’ అని సంస్థ పెట్టుకున్నారు. ఇన్నాళ్లూ జనం అడిగింది ఇచ్చాం, ఇప్పుడు మనం చెప్పాలనుకున్నది చెబుదాం అన్నది ఆ సంస్థ వెనుక ఉన్న కోరిక.

అక్కడ ఆపి ఉంటే, అనిపిస్తుంది. వెంటనే, ఆపి ఉంటే ‘సుడిగుండాలు’ ఉండేది కాదు కదా అనీ అనిపిస్తుంది. ఈ రెండు కోరికల మధ్య నేను ఇప్పటికీ తేల్చుకోలేను.

‘సుడిగుండాలు’ కథ ఇది. ఇద్దరు కుర్రాళ్లు, డబ్బున్న ఇళ్ల పిల్లలు. పగ లేదు, ఆశ లేదు. చంపితే ఎలా ఉంటుందో చూద్దామన్న తిమ్మిరి. వాళ్ల చేతిలో ఒక పిల్లవాడు ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆ పిల్లవాడి తండ్రి న్యాయమూర్తి. ఆయన ఏం చెయ్యాలి? మన సినిమాల్లో తండ్రి ఏం చేస్తాడో మనకు తెలుసు. ఇక్కడి తండ్రి పీఠం దిగి వచ్చి, కొడుకును చంపినవాళ్ల తరఫునే వాదిస్తాడు. ఈ పిల్లల్ని ఇలా తయారుచేసింది ఎవరు అని బోనులో ఉన్నవాళ్లను వదిలి బయట కూర్చున్నవాళ్లను అడుగుతాడు. బయట కూర్చున్నది మనమే. నేల టికెట్టు వాడి నుంచి బాల్కనీ వాడి దాకా.

ఆ న్యాయమూర్తి అక్కినేని. ‘దసరా బుల్లోడు’ కాలం ఇంకా ముందుంది గాని, అప్పటికే ఆయన ప్రేమకు మారుపేరు. పక్కన కథానాయిక లేకుండా, నెరిసిన జుట్టుతో, కడుపుకోతను నోటి వెంట రానివ్వకుండా నిలబడ్డారు. రచనలో ఆదుర్తి శిష్యుడు కె.విశ్వనాథ్ చెయ్యి కూడా ఉంది. ఆ యేటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. పెద్దలు మెచ్చుకున్నారు. పత్రికలు పొగిడాయి. కానీ గోపీ కోసం మూడేసిసార్లు వచ్చి ఏడ్చిన జనం, ఈ తండ్రి కోసం అలా తిరిగి రాలేదు.

ఎందుకు రాలేదు? జనానికి మంచి తెలియదని నేను అనను. ఆ మాట అనేవాళ్లంటే నాకు చిరాకు. పొద్దంతా వరి కోసి, చేతికొచ్చిన కూలిలోంచి పావలా తీసి టికెట్టు కొనుక్కునే మనిషి తన దుఃఖానికి ఊరట వెతుక్కుంటూ వస్తాడు. అతని బాకీలు అతని మీద చాలా ఉన్నాయి. తెర మీద నుంచి ఇంకొకరు వచ్చి ‘నీకూ ఇందులో భాగం ఉంది’ అంటే లేచి వెళ్లిపోయే హక్కు అతనికి ఉంది. ‘మూగ మనసులు’ అతని పక్కన కూర్చుని ఏడ్చింది. ‘సుడిగుండాలు’ అతని ఎదురుగా కూర్చుని అడిగింది. రెంటి మధ్యా బల్ల ఒక్కటే దూరం. ఆ దూరాన్ని ఆదుర్తి తక్కువ అంచనా వేశారు.

అక్కడ ఒక మలుపు ఉంది. పురస్కారం వచ్చింది, డబ్బు రాలేదు. రెండో అడుగు వెయ్యబోయే ముందు ఒక్కసారి ‘తేనె మనసులు’ గుర్తుచేసుకుని ఉంటే? కొత్త ముఖాలు, చిన్న ఖర్చు, ఊళ్లో ఇల్లే సెట్టు. సరిగ్గా అప్పుడే దేశంలో ఇంకో గాలి మొదలవుతోంది. 1960లో పెట్టిన ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ చిన్న చిన్న అప్పులిచ్చి చిన్న సినిమాలకు ప్రాణం పోస్తోంది. ఆ అప్పుతోనే మృణాల్ సేన్ 1969లో ‘భువన్ షోమ్’ తీశాడు. కేరళలో అదూర్ గోపాలకృష్ణన్, స్నేహితులూ ఊరూరా ఫిల్మ్ సొసైటీలు కట్టి, సినిమా కన్నా ముందు చూసే కళ్లను తయారుచేసుకుంటున్నారు. మన నెల్లూరాయన పఠాభి తెలుగు వదిలి కన్నడంలో ‘సంస్కార’ తీశారు. 1970లో వచ్చిన ఆ సినిమా ఒక ఉద్యమానికే తలుపు తీసింది.

అదే 1970లో మనకు ‘మరో ప్రపంచం’ వచ్చింది. పేరులోనే శ్రీశ్రీ గాలి. ఊహ ఎంత పెద్దదంటే, ఇప్పుడు చెబితే కూడా జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఒక మనిషి పసిబిడ్డల్ని ఈ లోకం నుంచి దూరంగా తీసుకుపోయి పెంచుతాడు. వాళ్లకు కన్నవాళ్లెవరో తెలియదు. కులం తెలియదు, మతం తెలియదు. నాది అన్న మాట అంటకుండా ఒక కొత్త జాతి పెరగాలని అతని ఆశ. బయట లోకం మాత్రం మాయమైన బిడ్డల కోసం వెతుకుతుంటుంది. వీరేశలింగం గారి ఊరివాడికి తప్ప ఇలాంటి కల రాదు. ఇంటి పేరు లేకుండా మనిషి ఎలా ఉంటాడో చూడాలని రాజమండ్రి వీధుల్లో పుట్టిన ఒక పంతులుగారి అబ్బాయికి అనిపించడమే నాకు కళ్లు చెమర్చే సంగతి.

కానీ ఆ కలను చిన్న పడవలో వెయ్యలేదు. అక్కినేని, సావిత్రి ఉన్న పెద్ద పడవలో వేశారు. పెద్ద తారలను చూడగానే జనం పెద్ద తారల సినిమా కోసమే వస్తారు. ప్రేమ కావాలి, అలక కావాలి, డ్యూయెట్టు కావాలి. వచ్చినవాళ్లకు దొరికింది పిల్లలతో నిండిన ఒక ప్రశ్న. అటు సినిమా సొసైటీల వాళ్లకు ఇది తారల సినిమా, ఇటు మామూలు జనానికి ఇది ఉపన్యాసం. రెండు రేవుల్లో ఏ రేవూ తాడు విసరలేదు. నిజం చెప్పాలంటే సినిమాలోనూ లోపం ఉంది. ఎడిటరు బల్ల దగ్గర ఏది పారెయ్యాలో తెలిసిన మనిషి, తన నమ్మకం దగ్గరికొచ్చేసరికి కత్తెర పక్కన పెట్టేశారు. చెప్పాలనుకున్నదంతా చెప్పేశారు. ఆ తొందర చూస్తే కోపం రాదు. ఇక మళ్లీ చెప్పే అవకాశం రాదని ఆయనకు లోపల ఎక్కడో తెలిసిందేమో అనిపిస్తుంది.

‘చక్రవర్తి చిత్ర’ మూడో సినిమా తియ్యలేదు. రెండంటే రెండే. తెలుగులో ఇద్దరు పెద్దవాళ్లు తమ డబ్బు తామే పెట్టి, లాభం చూసుకోకుండా చేసిన సాహసం ఆ రెంటితో ముగిసింది. అక్కినేనికి ఇంకా ఎన్నో దార్లు ఉన్నాయి, మరుసటి యేడు ‘దసరా బుల్లోడు’, ‘ప్రేమ్ నగర్’ ఆయన్ని మళ్లీ నెత్తిన పెట్టుకున్నాయి. ఆదుర్తికి మిగిలింది బొంబాయి.

‘మిలన్’ తరువాత అక్కడ ఆయనకు గిరాకీ ఉంది. ‘మన్ కా మీత్’ ఆయనదే, వినోద్ ఖన్నాను పరిచయం చేసిన సినిమా. ‘తేనె మనసులు’ను ‘డోలీ’గా మళ్లీ తీశారు. తన ‘దాగుడు మూతలు’ను 1973లో ‘జ్వార్ భాటా’గా మళ్లీ తీశారు. ఆటు పోటు అని ఆ పేరుకు అర్థం. తన పాత సినిమాల మీద తానే తిరిగి నడవడం. చేతిలో పనితనం ఎక్కడికీ పోలేదు. కానీ ఒకప్పుడు ఏటికి ఎదురెక్కిన సరంగు, ఇప్పుడు తెలిసిన రేవు నుంచి తెలిసిన రేవుకు బేరాలు వేసుకుంటున్నాడు. తెలుగులో ‘విచిత్ర బంధం’, ‘మాయదారి మల్లిగాడు’, ‘బంగారు కలలు’. అవి చూసి ఎవరూ ఆయన పడిపోయాడని అనలేదు. అందులోనే ఉంది విషాదం.

ఆ పడవ తాకిడి ఇంకొకరినీ వదల్లేదు. ‘మరో ప్రపంచం’లో నటించిన సావిత్రి, ఆ మరుసటేడు తన రాధ కథనే తమిళంలో ‘ప్రాప్తం’గా సొంత డబ్బుతో, సొంత దర్శకత్వంలో తీసింది. నష్టపోయింది. ఆ తరువాతి సంగతి తెలుగు ఇళ్లలో చెప్పక్కర్లేదు.

ఇక మనం చేజార్చుకున్న సమయం లెక్క. 1977లో మృణాల్ సేన్ బెంగాల్ నుంచి వచ్చి తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీశాడు. మరుసటేడు శ్యామ్ బెనెగళ్ ‘అనుగ్రహం’ తీశాడు. వెనకే ‘మా భూమి’. 1980లో శిష్యుడు విశ్వనాథ్ ‘శంకరాభరణం’. గోదావరి ఊళ్లలో తీసిన సినిమా, పెద్ద తార లేని సినిమా, నెరిసిన జుట్టు మనిషి నాయకుడైన సినిమా. జనం విరగబడ్డారు. గురువు ఎదురుగా కూర్చుని అడిగినదాన్ని శిష్యుడు పాటగా పక్కన కూర్చుని అడిగాడు. ఇంకో అయిదేళ్లు ఉంటే ఆదుర్తి ఆ హాల్లో కూర్చునేవారు. ఆ చప్పట్లలో తన ప్రశ్నకు జవాబు వినేవారు. ఇంటికి వెళ్లి అరవై ఏడేళ్ల వయసులో ఒక చిన్న సినిమాకు కాగితం కలం అందుకునేవారేమో.

ఉండలేదు. 1975లో ఆయన ‘మహాకవి క్షేత్రయ్య’ తీస్తున్నారు. మువ్వ గోపాలుడి పదాల కవి కథ. నాయకుడు మళ్లీ అక్కినేనే. 1974లో అమెరికాలో గుండె ఆపరేషను చేయించుకుని తిరిగొచ్చి చేసిన సినిమాల్లో అదొకటి. అందరి భయమూ హీరో గుండె గురించే. ఒళ్లు కనిపెట్టుకోవలసినది ఆయనేనని అందరూ ఆయన చుట్టే నిలబడ్డారు. దర్శకుడి వైపు ఎవరు చూశారు?

1975 అక్టోబరు 1న ఆదుర్తి సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి అరవై మూడు నిండలేదు. ‘మహాకవి క్షేత్రయ్య’లో మిగిలిన భాగాన్ని సి.ఎస్.రావు పూర్తిచేశారు. 1976లో విడుదలైంది.